వేలంపాటలో ఎవరు దొరుకుతారు? ఊహకూ అంచనాకూ మధ్య ఉన్న లెక్క



చలికాలం వచ్చిందంటే ఉప్పల్, నాచారం, రామంతాపూర్, హబ్సిగూడ వీధుల్లో ఒక చర్చ మొదలవుతుంది. ఐ.పి.ఎల్. క్రికెట్ పోటీలు ఇంకా నాలుగు నెలల దూరంలో ఉంటాయి. ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ మైదానం ఖాళీగా ఉంటుంది. అయినా టీ కొట్ల దగ్గర, బస్సు స్టాపుల్లో, బడి మెట్ల మీద హైదరాబాదు జట్టు గురించి వాదనలు వినబడుతూనే ఉంటాయి.

"గా ఫాస్ట్ బౌలర్‌ను వదిలిపెట్టిండ్రు. ఇగ ఆఖరి ఓవర్లు ఎవడేస్తడు?" అని ఒకడంటాడు. "పైసలు మిగిలినయ్ కద, వేలంల ఇంకొకణ్ని కొంటరు" అని రెండోవాడు. "కొనుడెందుకు? వేరే టీముతోని మార్చుకుంటె సరిపాయె" అని మూడోవాడు. ముగ్గురూ తాము చెప్పిందే జరుగుతుందని గట్టిగా నమ్ముతారు.

పెద్దలు ఇది విని, చదువుకోక కాలక్షేపం చేస్తున్నారని విసుక్కోవచ్చు. కాని ఈ వాదనలో ఒక గొప్ప శాస్త్ర సమస్య దాగి ఉన్నది. తెలిసింది కొంచెం, తెలియనిది ఎక్కువ. అయినా ఇప్పుడే ఒక నిర్ణయం చేయాలి. అటువంటప్పుడు సరియైన ఆలోచన ఎలా ఉండాలి?

ఇది క్రికెట్‌కు మాత్రమే చెందిన సమస్య కాదు. ఉప్పల్ రోడ్డు మీద వెళ్తూ మీరు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థను చూసే ఉంటారు. 1961లో స్థాపించిన ఆ సంస్థలో శాస్త్రజ్ఞులు భూమిని తవ్వకుండానే, లోపల ఏ రాయి ఉన్నది, నీరు ఎక్కడ ఉన్నది అని కనిపెట్టే ప్రయత్నం చేస్తారు. భూమిలోనికి విద్యుత్తు పంపి నిరోధాన్ని కొలుస్తారు, కంపన తరంగాలను గమనిస్తారు, గురుత్వాకర్షణలోని స్వల్పమైన తేడాలను లెక్కిస్తారు. నాచారం పారిశ్రామిక వాడలోని కర్మాగారాలవంటి చోట్ల, తయారైన వేల వస్తువులలో కొన్నింటిని మాత్రమే తీసి పరీక్షించి, మొత్తం సరుకు మంచిదో కాదో నిర్ణయిస్తారు. వీరందరి పనీ ఒకటే: కొంచెం చూసి, మొత్తాన్ని గురించి చెప్పడం.

ఇక్కడ రెండు మాటలకు తేడా గుర్తుంచుకోండి. "ఇలా జరుగుతుంది" అనేది ఊహ. "ఇలా జరిగే అవకాశం ఇంత, నేను పొరబడే అవకాశం ఇంత" అనేది అంచనా. రెండవది చెప్పగలవాడే శాస్త్రీయంగా ఆలోచిస్తున్నవాడు.

ఆటగాళ్ళను పంచుకునే రెండు పద్ధతులు

ఒక పోటీలో అనేక జట్లు ఉన్నప్పుడు ఆటగాళ్ళను ఎలా పంచాలి? ఒక పద్ధతి వేలంపాట. ప్రతి జట్టుకూ సమానమైన డబ్బు పరిమితి ఉంటుంది. ఎక్కువ పాడినవారికి ఆటగాడు దక్కుతాడు. ఐ.పి.ఎల్.లో 2008 నుంచి జరుగుతున్నది ముఖ్యంగా ఇదే.

రెండవది వరుస ఎంపిక. మన వీధుల్లో గల్లీ క్రికెట్ ఆడేటప్పుడు ఇద్దరు నాయకులు వంతులవారీగా "నాకు వాడు, నాకు వీడు" అని కోరుకుంటారు గదా! అమెరికాలోని ఎన్.బి.ఎ. అనే బాస్కెట్‌బాల్ పోటీలో కొత్త ఆటగాళ్ళను తీసుకునేది ఈ విధంగానే. దీనిని అక్కడ డ్రాఫ్ట్ అంటారు. బలహీనమైన జట్టుకు ముందుగా కోరుకునే హక్కు ఇవ్వడం ఇందులోని న్యాయం. అంతేకాదు, రాబోయే సంవత్సరపు వంతునే ఇంకొక జట్టుకు ఇచ్చి, దానికి బదులుగా ఆటగాడిని తెచ్చుకోవచ్చు. ఇంకా పేరైనా తెలియని ఒక కుర్రవాడిని ఎంచుకునే హక్కును ఈ రోజే అమ్మడమన్నమాట! అందుకే అక్కడి అభిమానులు ఏడాది పొడుగునా లెక్కలు వేస్తూనే ఉంటారు.

ఐ.పి.ఎల్.లో కూడ వరుస ఎంపిక జరిగిన సందర్భాలున్నాయి. 2008లో మలేషియాలో 19 ఏళ్ళలోపు వారి ప్రపంచకప్పు గెలిచిన భారత కుర్రవాళ్ళను జట్లు వంతులవారీగా పంచుకున్నాయి. ఢిల్లీ జట్టు తమ ఊరి విరాట్ కోహ్లీని కాదని ప్రదీప్ సంగ్వాన్ అనే ఎడమచేతి వేగపు బౌలరును తీసుకున్నది. సెహ్వాగ్, గంభీర్ వంటి బ్యాట్స్‌మన్ తమ దగ్గర అప్పటికే ఉన్నారు గనుక తమకు బౌలరు అవసరమని వారు అనుకున్నారు. కోహ్లీ బెంగళూరు జట్టుకు వెళ్ళాడు. ఆ తరువాతి కథ మీకు తెలిసిందే.

ఇటువంటిదే 1984 ఎన్.బి.ఎ. డ్రాఫ్టులోనూ జరిగింది. రెండవ వంతు గల పోర్ట్‌లాండ్ జట్టు పొడగరి సామ్ బోవీని కోరుకున్నది. క్లైడ్ డ్రెక్స్‌లర్ వారి దగ్గర అప్పటికే ఉండడంవల్ల అటువంటి ఆటగాడు మరొకరు అక్కరలేదనుకున్నారు. మూడవ వంతులో షికాగో తీసుకున్న ఆటగాడి పేరు మైకేల్ జోర్డన్. ఈ రెండు ఉదాహరణల్లోనూ "ఈ రోజు నాకేమి కావాలి?" అన్న ప్రశ్న, "ఇతడు ఎంత ఎదుగుతాడు?" అన్న ప్రశ్నను వెనక్కు నెట్టింది.

14 బంతులు, 1,001 సంయోగాలు

బలహీన జట్టుకే మొదటి వంతు అంటే ఒక చిక్కున్నది. ఎలాగూ గెలవలేమని తెలిసిన జట్టు, మంచి వంతుకోసం కావాలని ఓడిపోవచ్చు. దీనికి విరుగుడుగా ఎన్.బి.ఎ. 1985 నుంచి లాటరీ పెట్టింది. 2019 నుంచి అమలైన పద్ధతి ఇలా ఉన్నది. 1 నుంచి 14 వరకు అంకెలు వేసిన 14 బంతులలోనుంచి 4 బంతులు తీస్తారు. తీసిన వరుస లెక్కలోకి రాదు. 14 వస్తువుల నుంచి నాలుగింటిని ఎన్ని విధాలుగా తీయవచ్చు?

14 × 13 × 12 × 11 = 24,024. నాలుగు బంతులను తమలో తాము 4 × 3 × 2 × 1 = 24 విధాలుగా అమర్చవచ్చు. కాబట్టి 24,024 ÷ 24 = 1,001.

ఇందులో ఒక సంయోగాన్ని విడిచిపెట్టి, మిగిలిన 1,000 సంయోగాలను జట్లకు పంచుతారు. అట్టడుగున ఉన్న మూడు జట్లకు తలా 140 సంయోగాలు, అంటే 14 శాతం అవకాశం. పైకి పోయినకొద్దీ అవకాశం తగ్గుతుంది.

ఇప్పుడు 2025లో జరిగింది చూడండి. అట్టడుగున ఉన్న యూటా జట్టుకు 140 సంయోగాలు ఉన్నాయి. డల్లాస్ జట్టుకు ఉన్నవి 18 మాత్రమే, అంటే 1.8 శాతం. అయినా మొదటి వంతు డల్లాస్‌కే వచ్చింది! యూటాకు అయిదవ వంతు దక్కింది. "మోసం!" అని కేకలు వేయవలసిన పని లేదు. 14 శాతం అవకాశం అంటే 86 శాతం రాకపోయే అవకాశమని అర్థం. 1.8 శాతం అంటే సున్నా కాదు. తక్కువ సంభావ్యత గల ఘటన జరగదనుకోవడం, ఎక్కువ సంభావ్యత గలది తప్పక జరుగుతుందనుకోవడం, ఈ రెండూ మనం తరచుగా చేసే పొరపాట్లే.

అయిదు ఇన్నింగ్సులు చూసి చెప్పగలమా?

ఇప్పుడు మన వీధి వాదనకు వద్దాం. "ఈ కుర్రవాడు గత అయిదు మ్యాచ్‌లలో మూడుసార్లు బాగా ఆడాడు, వాడినే తీసుకోవాలి" అని ఒకరంటారు. అయిదు మ్యాచ్‌లు ఎంత సమాచారం ఇస్తాయి? ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి.

కావలసినవి: 20 చింతపిక్కలు, రెండు సంచులు. మొదటి సంచిలో 10 పిక్కలు వేయండి. వాటిలో 4 పిక్కలను ఒక వైపు అరగదీసి తెల్లగా చేయండి. రెండవ సంచిలోనూ 10 పిక్కలే, కాని అరగదీసినవి 3. మొదటి సంచి "అ" అనే బ్యాట్స్‌మన్. అతడు 10 ఇన్నింగ్సులలో సగటున 4 బాగా ఆడతాడు. రెండవది "ఆ" అనే బ్యాట్స్‌మన్. అతడు 3 మాత్రమే బాగా ఆడతాడు. అంటే "అ" నిజంగా మెరుగైనవాడు.

ఇప్పుడు చూడకుండా ఒక్కొక్క సంచి నుంచి ఒక పిక్క తీసి, తెలుపో నలుపో రాసుకొని, తిరిగి అదే సంచిలో వేసి కలపండి. తడిమితే అరగదీసిన వైపు వేలికి తెలుస్తుంది గనుక తడమకుండా తీయాలి. ఇలా అయిదుసార్లు చేస్తే అయిదు ఇన్నింగ్సులు. ఎవరికి ఎక్కువ తెల్ల పిక్కలు వచ్చాయో చూడండి. ఇదంతా కలిపి ఒక పోటీ. ఇటువంటి పోటీలు 20 చేయండి.

సంభావ్యత సూత్రాలతో లెక్కించితే వచ్చే జవాబు ఇది. 100 పోటీలలో సుమారు 50 సార్లు "అ" పైచేయిగా కనిపిస్తాడు. సుమారు 25 సార్లు ఇద్దరూ సమానంగా ఉంటారు. మిగిలిన 25 సార్లు, తక్కువవాడైన "ఆ" యే మేటిగా కనబడతాడు! అంటే అయిదు ఇన్నింగ్సులు చూసి ఎంపిక చేసే పెద్దమనిషి ఎంత నిజాయితీపరుడైనా, ఎంత అనుభవజ్ఞుడైనా, నాలుగింట ఒకసారి అంకెలు అతనిని తప్పుదారి పట్టిస్తాయి.

మరి 100 ఇన్నింగ్సులు చూస్తే? అప్పుడు కూడ 100కు సుమారు 6 సార్లు "ఆ" యే ముందుంటాడు. ఐ.పి.ఎల్.లో ఒక జట్టు లీగు దశలో ఆడేది 14 మ్యాచ్‌లు. 100 ఇన్నింగ్సులు కావాలంటే ఏడేళ్ళకు పైగా పడుతుంది. అంతవరకు ఏ జట్టు ఆగగలదు?

ఇక్కడ ఒక ముఖ్యమైన నియమం ఉన్నది. అంచనాలోని పొరపాటు సగానికి తగ్గాలంటే సమాచారం రెండింతలు చాలదు, నాలుగింతలు కావాలి. పదోవంతుకు తగ్గాలంటే నూరింతలు కావాలి. పరిమితమైన సమాచారం నుంచి ఎంత తెలివైన పద్ధతిలోనైనా ఒక హద్దును మించిన కచ్చితత్వం రాబట్టలేమని నిరూపించిన శాస్త్రజ్ఞులలో ఒకరు మన తెలుగువాడే. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే ప్రపంచానికి తెలిసిన సి. ఆర్. రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాకు వెళ్ళి, 1945లో, 25 ఏళ్ళ వయస్సులో ఈ ఫలితాన్ని ప్రచురించారు. స్వీడన్ దేశపు గణితవేత్త క్రామెర్ కూడ విడిగా దీనిని కనుగొనడంవల్ల దీనిని క్రామెర్-రావు హద్దు అంటారు. 2023లో ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి లభించింది. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన కన్నుమూశారు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో ఆయన పేరిట ఒక పరిశోధన సంస్థ ఉన్నది.

హైదరాబాదు జట్టు చరిత్రలోనే దీనికి సాక్ష్యం ఉన్నది. 2008లో మొదటి ఐ.పి.ఎల్.లో మన డెక్కన్ చార్జర్స్ 14 మ్యాచ్‌లలో 2 మాత్రమే గెలిచి ఎనిమిది జట్లలో చిట్టచివర నిలిచింది. మరుసటి సంవత్సరం 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలో అదే జట్టు గిల్‌క్రిస్ట్ నాయకత్వాన విజేత అయింది. జట్టులో మార్పులు జరిగిన మాట నిజమే. కాని 14 మ్యాచ్‌ల ఫలితం జట్టు బలానికి పూర్తి కొలమానం కాదన్నది కూడ నిజమే.

శిఖరం తరువాత పల్లమెందుకు?

2025 మార్చి 23న ఉప్పల్ మైదానంలో సన్‌రైజర్స్ జట్టు రాజస్థాన్‌పై 286 పరుగులు చేసింది. వేలంలో 11.25 కోట్లకు కొత్తగా వచ్చిన ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. ఆ రాత్రి ఊరంతా "ఈ ఏడాది ఇతనే అందరికంటె ఎక్కువ పరుగులు చేస్తాడు" అన్నది. సీజను ముగిసేసరికి అతని మొత్తం 354. అంటే మొదటి రోజు 106 పోగా, మిగిలిన సీజనంతటికీ 248.

అతడు బద్ధకించాడా? పొగడ్తలకు పాడైపోయాడా? అలా చెప్పడానికి ఆధారం అక్కరలేదు, లెక్క చాలు. ఒక అసాధారణమైన ఫలితంలో ప్రతిభతోపాటు అదృష్టం కూడ ఉంటుంది. ప్రతిభ రేపు కూడ ఉంటుంది. కాని అదృష్టం ప్రతిరోజూ అంతే ఉండదు. కాబట్టి అసాధారణం తరువాత వచ్చేది ఎక్కువసార్లు సాధారణానికి దగ్గరగా ఉంటుంది. 1886లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తులు, పిల్లల ఎత్తులు పోల్చి ఈ సంగతి గుర్తించాడు. మిక్కిలి పొడుగైనవారి పిల్లలు పొడుగే, కాని సగటున తల్లిదండ్రులంత కాదు. మిక్కిలి పొట్టివారి పిల్లలు పొట్టే, కాని సగటున అంత పొట్టి కాదు. దీనినే సగటు వైపు ప్రతిగమనం అంటారు.

ఈ నియమం తెలిసిన అభిమాని ఒక్క మ్యాచ్ చూసి ఆటగాడిని ఆకాశానికి ఎత్తడు, ఒక్క మ్యాచ్ చూసి నేలకు దించడు.

గెలిచినవాడే నష్టపోయే పాట

వేలంపాటలో ఇంకొక వింత ఉన్నది. తరగతిలో ఒక సీసానిండా శనగలు పోసి, ఎన్ని ఉన్నాయో చెప్పమని అయిదుగురిని అడగండి. ఉదాహరణకు నిజంగా 500 ఉన్నాయనుకుందాం. అయిదుగురూ 380, 450, 490, 540, 640 అన్నారనుకుందాం. ఈ అయిదింటి సగటు సరిగ్గా 500! అంటే గుంపు మొత్తం మీద తెలివైనదే. కాని ఒక్కొక్క శనగకు ఒక పైసా చొప్పున ఆ సీసాను వేలం వేస్తే ఎవరికి దక్కుతుంది? 640 అన్నవాడికి. రెండవవాడు 540 పైసల దగ్గర ఆగిపోతాడు గనుక మొదటివాడు 541 పైసలకు దక్కించుకుంటాడు. చేతికి వచ్చింది 500 పైసల సరుకు. పాట గెలిచాడు, 41 పైసలు నష్టపోయాడు.

ఎందుకంటే వేలంపాట సగటు అంచనాను ఎన్నుకోదు. అందరికంటె ఎక్కువగా పొరబడినవాడిని వెతికి పట్టుకుంటుంది. దీనిని విజేత శాపం అంటారు. 1971లో కేపెన్, క్లాప్, కాంప్‌బెల్ అనే ముగ్గురు అమెరికా చమురు కంపెనీ ఇంజనీర్లు దీనిని వివరించారు. సముద్రగర్భంలో చమురు హక్కులను వేలంలో గెలుచుకున్న కంపెనీలకు ఆశించినంత లాభం ఎందుకు రావడంలేదన్నది వారి ప్రశ్న. భూమిలోపల ఏముందో అంచనా వేసే భూభౌతిక శాస్త్రానికీ, ఉప్పల్ మైదానపు వేలం చర్చకూ చుట్టరికం ఉన్నదని ఇప్పుడు తెలిసింది గదా!

అయితే ఎక్కువ ధర పెట్టిన ప్రతివారూ పొరబడినట్లు కాదు. ఒకే ఆటగాడు ఒక జట్టుకు ఎక్కువ ఉపయోగపడవచ్చు, ఇంకొక జట్టుకు తక్కువ. 2023 డిసెంబరు 19న దుబాయిలో జరిగిన వేలంలో సన్‌రైజర్స్ ప్యాట్ కమిన్స్‌ను 20.5 కోట్లకు కొన్నప్పుడు చాలామంది నోరు వెళ్ళబెట్టారు. కాని అతడు నాయకుడై 2024లో జట్టును ఫైనల్ వరకు తీసుకువెళ్ళాడు. అదే జట్టులో విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి ఉన్నాడు. 20 లక్షలకు కొన్న ఇతడు 2024లో 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి బహుమతి పొందాడు. కమిన్స్ ధరలో ఇది నూరోవంతుకంటె తక్కువ. అయితే "20 లక్షలవారినే కొనాలి" అని మాత్రం అనకండి. ఆ ధరకు కొన్నవారిలో రాణించినవారి పేర్లు మనకు గుర్తుంటాయి. ఒక్క మ్యాచ్ ఆడకుండానే వెళ్ళిపోయినవారి పేర్లు ఎవరికీ గుర్తుండవు. మిగిలినవారిని మాత్రమే లెక్కపెట్టే ఈ పొరపాటు విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

డబ్బుకు పరిమితి ఉన్నప్పుడు ఒకరికి ఇచ్చిన రూపాయి ఇంకొకరికి లేనట్లే. 2008లో ప్రతి జట్టు పరిమితి 50 లక్షల డాలర్లు. "ఐకాన్" ఆటగాడికి ఆ జట్టులో అత్యధిక ధర పొందినవారికంటె 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. మన వి. వి. ఎస్. లక్ష్మణ్ ఆ హోదాను తనంతట తాను వదులుకున్నాడు. హైదరాబాదు జట్టు ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొన్నది. హోదా వదులుకోకపోతే లక్ష్మణ్‌కు 13.5 × 1.15 = 15.525 లక్షలు ఇవ్వవలసి వచ్చేది. ఆయన తీసుకున్నది 3.75 లక్షలు. జట్టుకు మిగిలింది 11.775 లక్షల డాలర్లు, అంటే మొత్తం సొమ్ములో దాదాపు నాలుగోవంతు!

ఒకరిని ఇచ్చి ముగ్గురిని తెచ్చిన బేరం

ఇక మార్పిడి సంగతి. 2018 నవంబరులో సన్‌రైజర్స్ తన నమ్మకస్తుడైన ఓపెనర్ శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి, విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మలను తీసుకున్నది. ధావన్ ధర 5.2 కోట్లు. వచ్చిన ముగ్గురి ధరలు 3.2 కోట్లు, 3.2 కోట్లు, 55 లక్షలు, మొత్తం 6.95 కోట్లు. 18 ఏళ్ళ అభిషేక్‌ను అప్పుడు బేరంలో కొసరుగానే చాలామంది చూశారు.

ఈ బేరంలో ఎవరు గెలిచారు? 2021 చివర అడిగితే జవాబు ఢిల్లీ. ధావన్ వారికి 2019లో 521, 2020లో 618, 2021లో 587, మొత్తం 1,726 పరుగులు చేశాడు. 2020లో ఆ జట్టు మొదటిసారి ఫైనల్ చేరింది. ఆ మూడేళ్ళలో సన్‌రైజర్స్‌కు అంత ఫలితం రాలేదు. కాని 2025లో అడిగితే? అభిషేక్ 2024లో 484 పరుగులు, 42 సిక్సర్లు. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్‌పై 55 బంతుల్లో 141 పరుగులు.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి. 2022 పెద్ద వేలానికి ముందు సన్‌రైజర్స్ అభిషేక్‌ను వదిలి, వేలంలో మళ్ళీ 6.5 కోట్లకు కొన్నది. అంటే పాత బేరంవల్ల వచ్చిన హక్కు అప్పటికే తీరిపోయింది. మరి మిగిలిందేమిటి? సమాచారం! మూడేళ్ళపాటు అతని సాధనను దగ్గరగా చూసినవారు వారు. ఇతరులకు కొన్ని ఇన్నింగ్సుల అంకెలు తెలిస్తే, వీరికి వందల గంటల ఆట తెలుసు. పరిశీలన పెరిగినకొద్దీ అంచనాలోని పొరపాటు తగ్గుతుందని ముందు చెప్పుకున్నాం గదా! పొరపాటు తగ్గితే విజేత శాపం కూడ తగ్గుతుంది.

కాబట్టి ఒక నిర్ణయాన్ని ఫలితం చూసి మాత్రమే తూచకూడదు. నిర్ణయించిన రోజున వారికి ఏమి తెలుసు, ఏమి తెలియదు అని కూడ అడగాలి.

మీ అంచనాలకు మార్కులు వేసుకోండి

వేలం తరువాత "నేను ముందే చెప్పాను" అననివారు ఉండరు. దీనికి మందు ఒక నోటు పుస్తకం. 1950లో గ్లెన్ బ్రయర్ అనే అమెరికన్ వాతావరణ శాస్త్రజ్ఞుడు వర్షం అంచనాలకు మార్కులు వేసే పద్ధతి చెప్పాడు. దానిని మీరూ వాడవచ్చు.

వేలానికి ముందే మీ అంచనాను సంభావ్యతతో రాయండి. జరిగితే 1, జరగకపోతే 0. మీ సంభావ్యతకూ దీనికీ ఉన్న తేడాను వర్గం చేయండి. ఉదాహరణకు, "ఫలానా ఆటగాడిని ఉంచుకుంటారు, 0.8" అన్నారు, జరిగింది: తేడా 0.2, వర్గం 0.04. "ఫలానా బౌలరును కొంటారు, 0.6" అన్నారు, జరగలేదు: వర్గం 0.36. "ఫలానావాడే నాయకుడు, 0.9" అన్నారు, జరిగింది: 0.01. మూడింటి సగటు 0.41 ÷ 3, సుమారు 0.137. ఎంత తక్కువైతే అంత మంచిది. ఏమీ తెలియక ప్రతిదానికీ 0.5 అనేవాడికి ఎప్పుడూ 0.25 వస్తుంది. మీకు 0.25 దాటితే, తెలియని దానిని తెలిసినట్లు చెబుతున్నారన్నమాట.

రెండు హెచ్చరికలు

మొదటిది డబ్బు గురించి. అంచనా వేయడం మేధకు పని. పందెం కాయడం అలా కాదు. గెలుపోటములు సమానంగా ఉన్న మ్యాచ్‌పై 100 రూపాయలు కడితే, గెలిచినవాడికి 190 ఇస్తామన్నారనుకోండి. సగటున వచ్చేది 190లో సగం, 95. పందేనికి 5 రూపాయల చొప్పున, 20 పందేలకు సగటున 100 రూపాయలు పోతాయి. ఒకనాడు గెలిచినా, పందేలు పెరిగినకొద్దీ ఈ లెక్కే నిజమవుతుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. చట్టం భయపెట్టినా పెట్టకపోయినా, గుణకారం తెలిసినవాడు ఆ జోలికి పోడు.

రెండవది మీ గురించి. మీలో కొందరు 14 ఏళ్ళలోపు, 16 ఏళ్ళలోపు జట్ల ఎంపికకు వెళ్ళి ఉంటారు. నెట్స్‌లో కొద్ది బంతులు ఆడిస్తారు. జాబితాలో పేరు రాదు. ఇంటికి వచ్చి బ్యాటు మూల పడేసినవారిని ప్రతి ఉపాధ్యాయుడూ చూస్తూనే ఉంటాడు. చింతపిక్కల ప్రయోగం గుర్తు చేసుకోండి. అయిదు ఇన్నింగ్సులు చూసినా నాలుగింట ఒకసారి తక్కువవాడే మేటిగా కనబడ్డాడు. కొద్ది బంతులు ఏమి చెప్పగలవు? అలాగని ఎంపిక కానివారందరూ మేటివారనీ కాదు. ఆ ఒక్క రోజు మీ గురించి చెప్పింది చాలా తక్కువ అన్నదే దాని అర్థం. ఒక యూనిట్ టెస్టుకు కూడ ఇదే వర్తిస్తుంది. ఎంపిక చేసేవారి ధర్మం ఎక్కువసార్లు చూడడం. మీ ధర్మం ఎక్కువసార్లు కనిపించడం.

చేసి చూడండి, ఆలోచించండి

1. 14 బంతులకు బదులు 10 బంతులనుంచి 4 తీస్తే ఎన్ని సంయోగాలు వస్తాయి?

2. చింతపిక్కల పోటీని తరగతిలో పది జట్లుగా విడిపోయి చేయండి. అన్ని జట్ల ఫలితాలు కలిపితే 50, 25, 25 శాతాలకు ఎంత దగ్గరగా వస్తాయి? ఒక్క జట్టు ఫలితం ఎంత దూరంగా ఉన్నది?

3. సీసాలో శనగల వేలాన్ని 5గురితో ఒకసారి, 20 మందితో ఒకసారి జరపండి. పాటదారులు పెరిగితే గెలిచినవాడి నష్టం పెరుగుతుందా, తగ్గుతుందా? ఎందుకు?

4. వచ్చే వేలానికి ముందు పది అంచనాలు సంభావ్యతలతో రాసి, తేదీ వేసి, మీ సైన్సు ఉపాధ్యాయునిచేత సంతకం చేయించుకోండి. వేలం ముగిశాక సగటు లెక్కించి మిత్రులతో పోల్చుకోండి.